కిజ్జీ దగ్గర తెగిపోని వంశం

మన గిరిజన యువకుల్లో పుస్తకాలు చదివే అలవాటున్న వాళ్ళను, నల్లజాతి వాళ్ళ గురించి ఏం చదివారని అడిగితే నూటికి తొంభై మంది ముందు చెప్పే పేరు 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్' నవలకు సహవాసి గారు చేసిన తెలుగు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. మూలం కంటే చాలా చిన్నదైనా, దాని పట్టు మాత్రం సడలలేదు. అనంతపురంలో సంఘాల మీటింగుల దగ్గర పుస్తకాలు పరిచిన చోట ఆ పుస్తకం ఉండి తీరుతుంది. చదివిన వాళ్ళంతా కుంటా కింటే గురించే మాట్లాడతారు. అడవికి కట్టె కోసం పోయి పట్టుబడినవాడు, పేరు మార్చినా లోపల పాత పేరే మోసినవాడు, నాలుగుసార్లు పారిపోయి చివరికి సగం పాదం పోగొట్టుకున్నవాడు. మన సభల్లో ఆ పేరు చెప్పి ఎన్ని ఉపన్యాసాలు మొదలయ్యాయో లెక్క లేదు.

నేను మాట్లాడదలచింది కుంటా గురించి కాదు. పుస్తకం పేరులోనే ఉన్న లెక్క గురించి. ఏడు తరాలంటే ఎవరెవరు? వేళ్ళు మడిచి చూడండి. కుంటా కింటే ఒకటి. అతని కూతురు కిజ్జీ రెండు. కిజ్జీ కొడుకు కోళ్ళ జార్జి మూడు. జార్జి కొడుకు కమ్మరి టామ్ ముర్రే నాలుగు. టామ్ కూతురు సింథియా ఐదు. సింథియా కూతురు బెర్తా ఆరు. బెర్తా కొడుకు అలెక్స్ హేలీ ఏడు. ఏడుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. వంశం మూడుసార్లు ఆడదాని కడుపు మీదుగా నడిచింది. అందులో మొదటిసారి రెండో తరంలోనే.

ఈ లెక్కను మన పద్ధతిలో వేస్తే ఏమవుతుంది? మన ధాడీలు, భాట్లు తాండాకు వచ్చి గోత్రం చెప్పి, పాడ చెప్పి, తాత పేరు, ముత్తాత పేరు, వాళ్ళ అన్నదమ్ముల పేర్లు గడగడా పాడతారు. గొప్ప విద్య అది, అందులో సందేహం లేదు. లిపి లేని జాతికి వాళ్ళే రిజిస్ట్రారు ఆఫీసు. కానీ ఆ పాటలో కూతురి పేరు రాదు. పెళ్ళయిన పిల్ల ఇంకో గోత్రానికి పోయింది, అంతటితో ఆ కొమ్మ అయిపోయింది. ధాడీ లెక్కలో కుంటా కింటే వంశం కిజ్జీ దగ్గరే నిలిచిపోతుంది. ఏడు తరాలు లేవు, ఒక తరమే ఉంది.

ఆఫ్రికాలోనూ అంతే. హేలీ 1967లో గాంబియా నది ఒడ్డున జుఫూరే అనే ఊరికి పోయి, వంశాలు చెప్పే గ్రియో ఒకాయన నోట కింటేల చరిత్ర గంటల తరబడి విన్నానని రాశాడు. ఆ గ్రియో అచ్చం మన ధాడీ లాంటివాడే. ఫలానా వాడు ఫలానా ఆమెను చేసుకున్నాడు, ఫలానా కొడుకులు పుట్టారు, పెద్దవాడు కుంటా, ఒకరోజు కట్టె కొట్టను పోయాడు, మళ్ళీ కనపడలేదు. కుంటా దగ్గర గ్రియో పాట ఆగిపోయింది. ఆ తర్వాతి రెండువందల ఏళ్ళు ఆయన దగ్గర లేవు. ఆ రెండువందల ఏళ్ళను మోసింది ఎవరు? కిజ్జీ తన కొడుక్కి చెప్పింది. నాన్న ఆఫ్రికావాడని, తీగల వాద్యాన్ని 'కో' అనేవాడని, నదిని 'కాంబీ బొలోంగో' అనేవాడని చెప్పింది. అంతే, నాలుగైదు మాటలు. ఆ మాటలు కొడుకులకూ కోడళ్ళకూ మనవరాళ్ళకూ పాకి, టెన్నెసీ రాష్ట్రంలో హెన్నింగ్ అనే చిన్న ఊళ్ళో ఒక ఇంటి వసారాకు చేరాయి. అక్కడ సాయంకాలాల్లో అమ్మమ్మ సింథియా, ఆమె అక్కచెల్లెళ్ళు ఊగుడు కుర్చీల్లో కూర్చుని చెప్పుకుంటుంటే పిల్లాడు అలెక్స్ వెనక నక్కి విన్నాడు. ముసలమ్మల కబుర్లు. ప్రపంచమంతా చదివిన పుస్తకానికి పునాది అదే.

అట్లాంటప్పుడు పుస్తకంలో కిజ్జీకి ఎంత చోటు దక్కాలి? సగానికి పైగా కుంటాదే. కిజ్జీ పుట్టుక, ఆమె చదువు, ఆమెను అమ్మేయడం తండ్రి కళ్ళతోనే చూస్తాం. తర్వాత ఆమె మీద జరిగిన ఘోరాన్ని చూస్తాం. కొడుకు పుట్టి కాస్త ఎదిగేసరికి కథ ఆ కొడుకు వెంట, వాడి పందెం కోళ్ళ వెంట పోతుంది. కోడిపందాల మీద హేలీకి ఉన్న శ్రద్ధలో సగం కిజ్జీ నడివయసు మీద ఉన్నా బాగుండేది. ఇది నా ఫిర్యాదు. ఒకామె పదహారేళ్ళకే అమ్మానాన్నలకు దూరమై, తెలియని రాష్ట్రంలో, తనను చెరిచిన వాడి పొలంలోనే పని చేస్తూ, వాడికి పుట్టిన బిడ్డకే తన తండ్రి మాటలు నేర్పుకుంది. ఏ రాత్రి, ఏ పని చేసుకుంటూ, ఎన్నిసార్లు చెప్పింది? మర్చిపోతానేమోనని భయపడిందా? ఒక మాటను పొరపాటుగా చెప్తున్నానేమోనని సందేహించిందా, అడగడానికి తండ్రి లేడు కదా? నవలకు అసలు గుండెకాయ ఇక్కడుంది. రచయిత దాన్ని తొందరగా దాటిపోయాడు.

పేరు సంగతి చూడండి. కుంటా కూతురికి తన భాషలో పేరు పెట్టాడు. కిజ్జీ అంటే కూచో, ఇక్కడే ఉండు అని అర్థమట. తల్లి బెల్‌కు అంతకుముందు పుట్టిన ఇద్దరు ఆడబిడ్డలను అమ్మేశారు. ఈ పిల్లయినా ఇక్కడే ఉండాలని ఆ పేరు. ఉండనివ్వలేదు. ఎందుకు? ఆమెకు రాయడం వచ్చు కాబట్టి. దొరగారింటి పిల్లతో ఆడుకుంటూ అక్షరాలు నేర్చుకుంది, తాను ఇష్టపడిన నోవా అనే కుర్రవాడు పారిపోవడానికి దొంగ పాసు రాసిచ్చింది, దొరికిపోయింది. మనం పిల్లలకు అక్షరాలు దిద్దించే వాళ్ళం. ఒక పిల్ల చేతిరాతే ఆమెను తల్లిదండ్రుల నుంచి విడదీసిన ఈ ఘట్టాన్ని మనం మిగతా పాఠకుల కంటే ఒక క్షణం ఎక్కువసేపు చదవాలి. బండి పోయాక కుంటా నేల మీది ఆమె అడుగు జాడలోని మట్టి దోసిట్లోకి తీసుకుంటాడు. తన వయసు లెక్కకోసం నెలకొక గులకరాయి వేసుకుంటూ వచ్చిన సొరబుర్రను నేలకేసి కొడతాడు. అతని లెక్క అక్కడితో సరి. పుస్తకంలో అతను మళ్ళీ కనపడడు. లెక్క కూతురి నోట్లోకి మారింది.

ఇంకొక లెక్క కూడా ఉంది, అది తెల్లదొరల చట్టం లెక్క. 1662లో వర్జీనియాలో ఒక చట్టం చేశారు. తల్లి బానిసైతే బిడ్డ బానిస, తండ్రి ఎవరైనా సరే. అంతకుముందు ఇంగ్లీషు వాళ్ళ పద్ధతి ప్రకారం బిడ్డ తండ్రిని బట్టే పోవాలి. ఆస్తి పెరుగుతుందంటే పద్ధతిని తిప్పేశారు. అంటే నల్లజాతి ఆడమనిషిని లెక్కలోకి తీసుకున్నది ఒక్క దొర పద్దు పుస్తకమే, అదీ ఆవుకు దూడ పుడితే రాసుకున్నట్టు. గౌరవం కోసం చెప్పే వంశంలో తండ్రి, అప్పు కోసం రాసే పద్దులో తల్లి. టోనీ మారిసన్ 'బిలవ్డ్' (1987) అర్థం కావాలంటే ఈ చట్టం తెలిసుండాలి. 1856లో మార్గరెట్ గార్నర్ అనే ఆమె కెంటకీ నుంచి పారిపోయి ఒహాయోలో పట్టుబడబోతూ కూతుర్ని తన చేతులతోనే చంపుకుంది, మళ్ళీ ఆ పద్దులోకి పోనివ్వనని. మారిసన్ ఆ ముక్క తీసుకుని నవల రాసింది. హేలీ దాటిపోయిన చోట ఆమె ఆగింది. తల్లి గుర్తుపెట్టుకోవడం ఎంత బరువో, మర్చిపోవాలనుకున్నది ఎట్లా ఇంట్లోకి నడిచొచ్చి కూర్చుంటుందో ఆమె చూపిన తర్వాత, 'ఏడు తరాలు'లో కిజ్జీ ఉన్న పేజీలు మళ్ళీ తెరిస్తే ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది.

హేలీ మీద వచ్చిన విమర్శలను దాచాల్సిన పని లేదు. ఆయన చెప్పిన వంశావళి కాగితాలతో సరిపోదని చరిత్రకారులు గట్టిగా వాదించారు. జుఫూరే గ్రియో నిజంగా గ్రియోనేనా అన్నారు. హెరాల్డ్ కోర్లాండర్ రాసిన 'ది ఆఫ్రికన్' నవల నుంచి ముక్కలు తీసుకున్నాడన్న కేసు 1978లో డబ్బు కట్టి రాజీ చేసుకోవడంతో ముగిసింది. అది చరిత్ర పుస్తకం కాదు, నవల అనుకుందాం. అనుకుంటే నా ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. నవలైతే ఎవరికి ఎన్ని పేజీలన్నది రచయిత ఇష్టమే కదా.

ఇప్పుడు మన వైపు. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. మన సభల్లో 'మనమూ వాళ్ళూ ఒకటే' అనే మాట తేలిగ్గా దొర్లిపోతుంది. ఒకటి కాదు. అట్లాంటిక్ దాటించడానికి ఓడలెక్కించిన ఆఫ్రికన్లు సుమారు కోటీ ఇరవై ఐదు లక్షల మంది, అందులో దాదాపు పద్దెనిమిది లక్షల మంది ఒడ్డు చేరనే లేదు. మన సుగాలీ పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని లదేణీ చేసుకుంటూ తమ కాళ్ళతో వచ్చారు. రైలు వచ్చి ఆ వ్యాపారం పోయింది. 1871లో బ్రిటిష్ వాళ్ళు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం దేశమంతా పాకి ఎరుకల, సుగాలీ వంటి జాతుల్ని పుట్టుకతోనే దొంగలని రాసింది, 1952 దాకా ఆ ముద్ర చట్టంలో ఉంది. ఇది తక్కువ అవమానం కాదు. కానీ గొలుసు వేరు, ముద్ర వేరు. మనకు భాష మిగిలింది. కిజ్జీకి నాలుగు మాటలు మిగిలితే మనకు గోర్ బోలీ మొత్తం మిగిలింది. అంత మిగిలి కూడా మనమేం చేస్తున్నామన్నదే నన్ను కుదురుగా ఉండనివ్వని విషయం.

ఆఫ్రికా మనకు దూరమని కూడా అనుకోవద్దు. హైదరాబాదులో మాసబ్‌ట్యాంక్ దగ్గర ఏ.సి. గార్డ్స్ అనే పేటకు ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్ల వచ్చింది. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు చేరిన సిద్దీ సైనికుల గుర్రపు దళం అది. మర్ఫా వాయిద్యం గురించి, నిజాం ముందు వాళ్ళ కవాతు గురించి, అంతకుముందటి మాలిక్ అంబర్ గురించి రాసినవి దొరుకుతాయి. అన్నీ గుర్రాలు, కత్తులు, డప్పులు. ఆ దళం రద్దయ్యాక ఆ ఇళ్ళల్లో పిల్లల్ని పెంచిన ఆడవాళ్ళ గురించి వెతికితే చేతికి దొరికేది చాలా తక్కువ. కర్ణాటకలో ఎల్లాపుర, హళియాళ వైపు అడవుల్లో ఉన్న సిద్దీలకు 2003లో షెడ్యూల్డు తెగ గుర్తింపు వచ్చింది. అంటే వాళ్ళు మన జాబితాలోని వాళ్ళే. అక్కడి సిద్దీ ఆడవాళ్ళు పాత చీరల ముక్కలతో బొంతలు కుడతారు. కవంది అంటారు. అంచుల నుంచి మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటూ లోపలికి వచ్చి నడిమధ్యలో ముగిస్తారు. నాలుగు మూలల్లో మడిచిన గుడ్డముక్కలు పెట్టి వాటిని పూలు అంటారు. మూలన పూలు లేకపోతే ఆ బొంత బోడిదట. మన అవ్వలు కుట్టే బొంత తెలిసిన ఎవరికైనా ఇది వింత అనిపించదు. గుజరాత్ సిద్దీ మహిళ హీరాబాయి లోబీకి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు మన తాండా పిల్లలు ఎందరు 'ఈమె ఆఫ్రికా ఆమె కదా సార్' అని ఉంటారో. ఆమె గిరిజన మహిళ, మన దేశపు మనిషి.

బొంత మాట వచ్చింది కాబట్టి ఆలిస్ వాకర్ 1973లో అచ్చు వేసిన ఒక కథ, 'ఎవ్రీడే యూజ్', చెప్పుకోవాలి. పల్లెలో తల్లి, ఇద్దరు కూతుళ్ళు. పెద్దది పట్నంలో చదివి వచ్చి, తెల్లవాళ్ళు పెట్టిన పేరు వద్దని ఆఫ్రికా పేరు పెట్టుకుని, అమ్మమ్మ బట్టల ముక్కలతో కుట్టిన బొంతలు నాకివ్వు, గోడకు తగిలించుకుంటాను అంటుంది. చెల్లెలికిస్తే రోజూ కప్పుకుని చింపేస్తుంది అంటుంది. తల్లి ఆ బొంతల్ని చెల్లెలికే ఇస్తుంది. ఎందుకంటే చెల్లెలికి కుట్టడం వచ్చు, చిరిగితే మళ్ళీ కుట్టగలదు. కథను చదివి అందరూ పెద్ద కూతుర్ని తిడతారు. నేను తిట్టను. ఆ పెద్ద కూతురు మనమే, చదువుకున్న మనం. పేరు మార్చుకోవడంలో ఆమెకు అన్యాయమేమీ కనపడదు నాకు. ఆమె తప్పు ఒక్కటే, కుట్టు నేర్చుకోకుండా బొంతను అడగడం.

మనకు దగ్గర ఉదాహరణ సండూరు. మన పక్కనున్న బళ్ళారి జిల్లాలోనే. అక్కడి లంబాడీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జూలైలో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాడీ ఆడవాళ్ళు చేసిన 1755 కుట్టుపని ముక్కలు ప్రదర్శనకు పెడితే గిన్నిస్ రికార్డు అన్నారు. సంతోషమే. కూలి దొరికింది, పని నిలిచింది. అయితే వార్తలో రికార్డు సంఖ్య వచ్చింది, మంత్రుల, అధికారుల పేర్లు వచ్చాయి. ఆ ఆడవాళ్ళు 450 అనే అంకెగా వచ్చారు. కాంచళి మీది ఏ కుట్టుకు ఏ పేరో, అద్దం చుట్టూ దారం ఎట్లా తిప్పాలో ఎవరు ఎవరికి నేర్పారో అడిగితే అక్కడొక కిజ్జీ, ఒక సింథియా బయటపడేవారు. మన బడి వార్షికోత్సవాల్లోనూ ఇదే తీరు. పిల్లలకు పేటియా, టుక్రీ అద్దెకు తెచ్చి కట్టించి సినిమా పాటకు ఆడిస్తాం. అవే బట్టలు కట్టుకున్న దాది వెనక వరుసలో నిలబడి చూస్తుంటుంది, ఆమెను పిలిచి ఒక పాట పాడమనం.

'రూట్స్' చివర్లో ఒక చిన్న ఘట్టం ఉంది, ఉపాధ్యాయులు తప్పక చదవాలి. ఆరో తరం బెర్తా కాలేజీ చదివినది, బడిలో చదువు చెప్పింది. తల్లి సింథియా వసారాలో కూర్చుని బానిసత్వం నాటి కబుర్లు ఎత్తితే ఆమెకు చిరాకు. ఆ పాత కథలు మానమ్మా, సిగ్గుగా ఉంది అని విసుక్కుంటుంది. నువ్వు ఎక్కడి నుంచి వచ్చావో నీకు పట్టకపోతే నాకు పడుతుంది అని ముసలామె ఎదురు తగులుతుంది. ఏడుగురిలో ఒక్కరు ఆ గొలుసును కావాలని వదిలేయబోయారంటే అది చదువు చెప్పే మనిషే. కొరడాకు తెగనిది, అమ్మకానికి తెగనిది, సిగ్గుకు తెగబోయింది. హేలీ తన తల్లి గురించి ఈ మాట దాచకుండా రాశాడు, అందుకు ఆయనకు దండం పెట్టాలి. కోడిపందాల పేజీలన్నీ క్షమించేశాను.

రాప్తాడు చుట్టుపక్కల ఊళ్ళల్లో బెర్తాలకు కొదవ లేదు. శనక్కాయ పంట ఎండిపోయిన ఏడాది అమ్మానాన్నలు బెంగుళూరుకు కూలికి పోతారు, పిల్లలు అవ్వల దగ్గర మిగులుతారు. అంటే కరువు పుణ్యమా అని, హెన్నింగ్ వసారా మనకు తాండా తాండాకూ ఉంది. పిల్లవాడు పొద్దున లేచింది మొదలు వినేది దాది మాటే. బడికి రాగానే ఆ మాటకు తాళం వేస్తాం. తాండా భాష మాట్లాడొద్దు అనే బోర్డు ఎక్కడా ఉండదు, మన మొహంలోనే ఉంటుంది. సోమవారం పుట్టిన సోమ్లీ, మంగళవారం పుట్టిన మంగ్లీ రిజిస్టరులోకి వచ్చేసరికి వేరే పేర్లవుతారు. ఆ కొత్త పేరు తల్లిదండ్రులే అడుగుతున్నారు నిజమే, వాళ్ళను నిందించను. కానీ పాత పేరు ఎందుకు పెట్టారో పిల్లకు చెప్పేవాళ్ళు ఒకరైనా ఉండాలి కదా.

మన పెళ్ళిళ్ళలో ఢావ్లో ఉండేది. పుట్టింటిని వదిలిపోయే పిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడేది. యాడీని, బాపును, అన్నదమ్ములను, కొట్టాన్ని, ఎద్దును పేరు పేరునా తలచుకునేది. పెళ్ళికి ముందే పెద్దాడవాళ్ళు కూర్చోబెట్టి నేర్పేవాళ్ళు. ధాడీ పాటలో లేని ఆడవాళ్ళందరూ ఆ ఏడుపులో ఉన్నారు. మన వంశావళి రెండు భాగాలు. ఒకటి మగవాళ్ళు తంబూర మీద పాడినది, రెండోది ఆడపిల్లలు వెక్కుతూ పాడినది. మొదటిది రికార్డు చేసుకున్న వాళ్ళు ఉన్నారు. రెండోదాన్ని డీజే సౌండు మింగేస్తోంది. చదువుకున్న పిల్లలు అది ఏడుపు, నామోషీ అంటున్నారు. బెర్తా మాటే మళ్ళీ.

గుత్తి దగ్గర సేవాగఢ్‌లో ఏటా ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి లక్షణంగా పోతాం, పోవాలి. ఆయన కథలో ఆయన తల్లి ధర్మణీ యాడీ పేరు మనకు గుర్తుంది, అదృష్టం. మన సొంత ఇళ్ళల్లో ఆ అదృష్టం ఎంతమందికి? మూడో తరగతిలో వంశవృక్షం పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లల్ని అమ్మవాళ్ళ అమ్మ, ఆమె అమ్మ పేర్లు కనుక్కుని రమ్మంటాను. తాత వైపు నాలుగు పేర్లు చకచకా వస్తాయి. అవ్వ వైపు గడిలో 'దాది' అని రాసుకొస్తారు. ఆమె పేరేంటిరా అంటే, దాదే సార్ అంటారు. పోయినేడు ఒక పిల్ల మాత్రం రెండు రోజులు ఆలస్యంగా తెచ్చింది. అవ్వకు తన అమ్మమ్మ పేరు గుర్తు రాలేదట, పక్క తాండాలో ఉన్న అక్కకు ఫోన్ చేయించి కనుక్కున్నారట. ఐదు పేర్లు తెచ్చింది, ఐదూ ఆడవాళ్ళవే. పుస్తకంలో గీసిన చెట్టుకు మూడే గడులున్నాయి. మిగతా రెండు పేర్లు ఆ పిల్ల పేజీ అంచున, వేళ్ళ దగ్గర రాసుకుంది.